ముందే చదివినదానికి లెక్కేది?

దిల్‌సుఖ్‌నగర్‌లో పిల్లలు కాలేజీ పాఠాలు కాలేజీ మెట్లెక్కకముందే చదువుతారు. మూసారాంబాగ్ దాటి ఎల్బీనగర్ దాకా మెట్రో స్తంభాలకు రెండు పక్కలా ఉన్న బోర్డులు చదువుకుంటూ వస్తే ఎవరికైనా ఆ సంగతి తెలిసిపోతుంది. ఐఐటీ ఫౌండేషన్, ఒలింపియాడ్, టెక్నో అంటూ పేర్లు మారుతుంటాయి కానీ లోపల జరిగేది ఒకటే. ఎనిమిదో తరగతి పిల్లవాడికి జూనియర్ ఇంటర్ ఫిజిక్స్‌లోని వెక్టర్లు చెబుతారు. తొమ్మిదో తరగతి అమ్మాయికి లిమిట్స్, డెరివేటివ్స్ మొదలుపెడతారు. పదో తరగతి పబ్లిక్ పరీక్షలు అయ్యేసరికి వీళ్ళలో కొందరు ఇంటర్ మ్యాథ్స్ 1బీ సగం చేసేసి ఉంటారు. ఇంటర్ ముగిసేసరికి ఇంజనీరింగ్ మొదటి సెమిస్టర్ లెక్కల్లో చాలా భాగం వాళ్ళకు ముందే వచ్చి ఉంటుంది.

ఇంత చిన్న వయసులో, ఇంత కష్టపడి నేర్చుకున్నదానికి వాళ్ళ చేతికి ఏ కాగితమూ రాదు. ఫౌండేషన్‌లో నేర్చుకున్నది ఇంటర్‌లో లెక్కకు రాదు. ఇంటర్‌లో నేర్చుకున్నది బీటెక్‌లో లెక్కకు రాదు. ర్యాంకు వస్తే ఆ కష్టమంతా ఫలించిందంటారు. రాకపోతే అసలు చదవనే లేదంటారు.

నేను ఈ చుట్టుపక్కల జూనియర్ కాలేజీల్లోనే లెక్కలు చెప్పాను. చైతన్యపురిలో ఉంటాను. జూన్ వచ్చిందంటే ఎల్బీనగర్ చౌరస్తాలో నల్గొండ, సూర్యాపేట, ఖమ్మం బస్సులు దిగే తల్లిదండ్రులు కనబడతారు. చేతిలో కొత్త బకెట్టు, భుజాన చుట్టిన పరుపు, వెనకాల పదిహేనేళ్ళ కొడుకో కూతురో. అలా అడ్మిషన్ కోసం వచ్చిన ఒక రైతు అడిగిన మాట నా మనసులోంచి ఇప్పటికీ పోలేదు. "మేడం, మావోడు ఎనిమిదిల ఉన్నప్పటి సంది ఫౌండేషనే చదివిండు. మీరు గిప్పుడు మల్ల గవే పాఠాలు చెప్తమంటున్రు. గప్పుడు చదివినదానికి లెక్కేది?"

ఆయన బాధ కట్టిన ఫీజు గురించే కావచ్చు. కానీ ఆ ప్రశ్న చదువును గురించి కూడా. దానికి జవాబు చెప్పాల్సిన వాళ్ళు చాలామంది ఉన్నారు. ఇంటర్మీడియట్ బోర్డు ఉంది, విశ్వవిద్యాలయాలు ఉన్నాయి, ఉన్నత విద్యామండలి ఉంది. ఇంతవరకు ఎవరూ సరిగా చెప్పలేదు.

మా చిన్నమ్మ మనవరాలు టెక్సస్‌లోని ఫ్రిస్కోలో పుట్టి పెరిగింది. ఇక్కడైతే ఇంటర్ చదివే వయసులో ఆ అమ్మాయి హైస్కూల్లోనే ఉంటూ కాలిన్ కాలేజీ అనే కమ్యూనిటీ కాలేజీ సబ్జెక్టులు చదివింది. దాన్ని వాళ్ళు డ్యూయల్ క్రెడిట్ అంటారు. చదివేది ఒక్కసారే. ఆ మార్కులు హైస్కూల్ రికార్డులోనూ పడతాయి, కాలేజీ రికార్డులోనూ పడతాయి. కాల్‌క్యులస్ మొదటి భాగానికి టెక్సస్ ప్రభుత్వ కాలేజీల్లో చాలావాటికి ఒకే సంఖ్య ఉంటుంది, మ్యాథ్ 2413 అని. ఫ్రిస్కోలో చదివినా హ్యూస్టన్‌లో చదివినా అదే సబ్జెక్టు. డిగ్రీలో అందరూ చదవాల్సిన 42 క్రెడిట్ గంటల ఉమ్మడి పాఠ్యభాగం ఉంది. అందులోంచి ఒక ప్రభుత్వ కాలేజీలో పాసైనదాన్ని రాష్ట్రంలోని ఇంకో ప్రభుత్వ విశ్వవిద్యాలయం ఒప్పుకోవాలని అక్కడి చట్టం. పేద ఇళ్ళ పిల్లలు ఈ సబ్జెక్టులు ఫీజు లేకుండా చదువుకునేలా 2023లో ఆ రాష్ట్రం ఇంకో చట్టం చేసింది.

ఆ అమ్మాయి హైస్కూల్ దాటేనాటికి డిగ్రీలో మొదటి ఏడాది చదువు దాదాపు పూర్తయింది. నాకు సంతోషం కలిగించింది కలిసొచ్చిన ఏడాది కాదు. పదహారేళ్ళకే కెమిస్ట్రీ తనకు పడదని తెలుసుకుంది. ఎకనామిక్స్ ఇష్టమని తెలుసుకుంది. ఒక సబ్జెక్టులో సీ గ్రేడ్ వచ్చింది. అది ఆమె రికార్డులో ఉంది. పక్కనే ‘ఏ’ గ్రేడ్లూ ఉన్నాయి. ఒక్క సబ్జెక్టు బాగా రానంత మాత్రాన మిగతావి చెరిగిపోలేదు.

ఈ పద్ధతికి అమెరికాలో పెద్ద చరిత్రే ఉంది. రాష్ట్రమంతటా హైస్కూల్ పిల్లలకు కాలేజీ తలుపు తీసిన మొదటి రాష్ట్రం మిన్నెసోటా. అది 1985 నాటి మాట. వాషింగ్టన్ రాష్ట్రం 1990లో రన్నింగ్ స్టార్ట్ అనే పథకానికి చట్టం చేసింది. పదకొండు, పన్నెండు తరగతుల పిల్లలు కమ్యూనిటీ కాలేజీకి వెళ్ళి ట్యూషన్ ఫీజు లేకుండా చదువుకోవచ్చు. వీటికంటే ముందే, 1950ల నడుమ, అడ్వాన్స్‌డ్ ప్లేస్‌మెంట్ పరీక్షలు వచ్చాయి. పాఠం హైస్కూల్లోనే చెబుతారు, మే నెలలో దేశమంతటికీ ఒకే పరీక్ష పెడతారు, ఒకటి నుంచి అయిదు దాకా స్కోరు ఇస్తారు. మూడో అంతకన్నా ఎక్కువో వస్తే చాలా విశ్వవిద్యాలయాలు క్రెడిట్ ఇస్తాయి.

అక్కడ అంతా బాగుందని నేను అనను. పేరున్న ప్రైవేటు విశ్వవిద్యాలయాలు కొన్ని ఈ క్రెడిట్లను ఒప్పుకోవు, ఒప్పుకున్నా కొన్నింటినే. ఎన్ని అడ్వాన్స్‌డ్ ప్లేస్‌మెంట్ సబ్జెక్టులు తీసుకున్నావని పిల్లలను పిల్లలతో పోల్చే తల్లిదండ్రులు అక్కడి మన తెలుగువాళ్ళలోనూ ఉన్నారు. ఫోన్‌లో మాట్లాడుతున్నప్పుడు ఆ పోలిక వినబడితే చైతన్యపురిలో ఉన్నట్టే ఉంటుంది. అయినా ఆ పద్ధతి వెనక నేను గౌరవించే ఆలోచన ఒకటుంది. పిల్లవాడు ఎప్పుడు నేర్చుకున్నా, ఎక్కడ నేర్చుకున్నా, నేర్చుకున్నది రాసి పెట్టాలి. కిరాణా కొట్టు ఖాతాలో ఏ రోజు జమ ఆ రోజు పడ్డట్టు పడాలి.

మా కాలేజీలో చదివిన ఒక అబ్బాయికి ఇంటిగ్రేషన్ మీద పట్టు నేను చూసిన పిల్లల్లో మరెవరికీ లేదు. బోర్డు మీద నేను ఒక పద్ధతిలో చేస్తే, ఇంకో రెండు దారులు చూపించేవాడు. పెద్ద ర్యాంకులు వస్తాయనుకునే పిల్లలను విడిగా కూర్చోబెట్టే స్టార్ బ్యాచ్‌లో ఉండేవాడు. ఉదయం స్టడీ అవర్ నుంచి రాత్రి స్టడీ అవర్ దాకా, వారం వారం పరీక్షలు, ఆ పరీక్షల్లో తప్పుల జాబితాలు, మళ్ళీ పరీక్షలు. జేఈఈ మెయిన్స్ రోజున జ్వరం. అనుకున్న ర్యాంకు రాలేదు. ఇంట్లోవాళ్ళు మళ్ళీ పరీక్ష రాయించడానికి ఏడాది కోచింగ్‌లో, అంటే లాంగ్ టర్మ్‌లో, చేర్పించారు. ఏడాది తర్వాత వచ్చిన ర్యాంకుతో నగరం శివార్లలోని ఒక ఇంజనీరింగ్ కాలేజీలో చేరాడు. మొదటి సెమిస్టర్‌లో మ్యాట్రిసెస్, కాల్‌క్యులస్. ఆ అబ్బాయి మ్యాట్రిసెస్ మొదటిసారి చేసింది తొమ్మిదో తరగతిలో. సంక్రాంతి సెలవుల్లో కనబడి, "క్లాసులో వెనక కూర్చుని నిద్రపోతున్నా మేడం, అటెండెన్స్ కోసం పోవాలి కదా" అన్నాడు. ఆ మాట అంటున్నప్పుడు వాడి ముఖంలో చదువు మీద ఉండే ఆ వెలుగు లేదు. ఆ పిల్లవాడికి ఆ సబ్జెక్టు వచ్చని ఒక్క పరీక్షతో తేల్చి, క్రెడిట్ ఇచ్చి, పై సెమిస్టర్ లెక్కల క్లాసులో కూర్చోబెట్టి ఉంటే ఎవరికీ నష్టం ఉండేది కాదు. బీటెక్‌కు మొత్తం 160 క్రెడిట్లకు అటూ ఇటూ. అందులో నాలుగైదు క్రెడిట్ల మాట ఇది.

ఐఐటీలన్నింటిలో కలిపి సీట్లు పద్దెనిమిది వేలకు అటూ ఇటూ. జేఈఈ అడ్వాన్స్‌డ్ రాయడానికి అర్హత ఇచ్చేది రెండున్నర లక్షల మందికి. అంతకుముందు మెయిన్స్ రాసేవాళ్ళు దేశమంతటా పది లక్షలు దాటుతారు. సీటు రానివాళ్ళు చదవనివాళ్ళు కారు. వాళ్ళు చదివిన చదువు నిజం. అది వాళ్ళకు వచ్చు. వచ్చని చెప్పే కాగితం ఒక్కటీ ఈ ఏర్పాటులో లేకపోవడమే నా ఫిర్యాదు.

ఇక్కడ ఇంకో సంగతి చెప్పాలి. తెలంగాణలో ఇంజనీరింగ్ ప్రవేశపరీక్ష ఎంసెట్ ర్యాంకుకు ఇంటర్ మార్కుల్లోంచి 25 శాతం వెయిటేజీ ఉండేది. 2023లో దాన్ని శాశ్వతంగా తీసేశారు. ఇప్పుడు ఈఏపీసెట్ అని పిలిచే ఆ పరీక్షలో 160 ప్రశ్నలు, మూడు గంటలు. తీసేయడానికి వాళ్ళ కారణాలు వాళ్ళకున్నాయి. వేర్వేరు బోర్డుల మార్కులను ఒక కొలతకు తేవడం కష్టమే. వెయిటేజీ ఉన్నన్నాళ్ళూ ఇంటర్ మార్కుల కోసం పిల్లలను పిండిన మాటా నిజమే. కానీ ఫలితం ఏమైంది? రెండేళ్ళ చదువు ఇంజనీరింగ్ సీటుకు అర్హతగా మాత్రమే మిగిలింది. తూకం అంతా మూడు గంటల మీద పడింది. ఉన్న ఒక్క జమ కూడా పోయింది. దాని చోట మెరుగైనది పెట్టాల్సింది. పెట్టలేదు.

మనకు ఇది తెలియని విద్య ఏం కాదు. ఒకప్పుడు ఇంటర్మీడియట్ అంటే విశ్వవిద్యాలయం చదువే. తర్వాత పీయూసీ, అంటే ప్రీ యూనివర్సిటీ కోర్సు, వచ్చింది, అదీ విశ్వవిద్యాలయం కిందే. మా నాన్నగారు ఉస్మానియా కింద పీయూసీ చదివారు. డిగ్రీ పిల్లలకు చెప్పే లెక్చరరే తమకూ చెప్పేవారని, డిగ్రీ పిల్లలు వాడే ల్యాబే తామూ వాడేవాళ్ళమని, ఖాళీ ఉంటే బీఎస్సీ క్లాసులో వెనక కూర్చుని వినేవాళ్ళమని చెప్పేవారు. 1969-70లో రెండేళ్ళ ఇంటర్ వచ్చింది. జూనియర్ కాలేజీలు వేరుపడ్డాయి. 1971లో ఇంటర్మీడియట్ బోర్డు ఏర్పడింది. పల్లెలకు దగ్గరగా కాలేజీలు వచ్చాయి, ఎక్కువమంది చదువుకున్నారు. ఆ మేలును తక్కువ చేయలేం. కానీ ఆ విడిపోవడంలోనే పదహారేళ్ళ పిల్లలకూ విశ్వవిద్యాలయానికీ మధ్య గోడ లేచింది. ఆ గోడ పక్కన ఉన్న ఖాళీ జాగాలోనే కోచింగ్ పెరిగిందని నా నమ్మకం.

గోడకు తలుపు పెట్టాలని చూసినవాళ్ళు లేకపోలేదు. 2008లో ఉమ్మడి రాష్ట్రం రాజీవ్ గాంధీ వైజ్ఞానిక సాంకేతిక విశ్వవిద్యాలయాన్ని బాసర, నూజివీడు, ఇడుపులపాయల్లో మొదలుపెట్టింది. జనం ట్రిపుల్ ఐటీ అంటారు. పదో తరగతి మార్కులతో పల్లె పిల్లలను తీసుకుని ఆరేళ్ళు తన దగ్గరే ఉంచుకుంటుంది. రెండేళ్ళు పీయూసీ, నాలుగేళ్ళు బీటెక్. మొదటి చాన్సలర్ ట్యూరింగ్ అవార్డు అందుకున్న రాజ్ రెడ్డి. పదో తరగతికి గ్రేడ్ పాయింట్లున్న రోజుల్లో ప్రభుత్వ బడిలో చదివినవాళ్ళకు 0.4 పాయింటు కలిపేవారు. పదిహేనేళ్ళ పిల్లలు నేరుగా విశ్వవిద్యాలయం విద్యార్థులయ్యారు. చేతికి ల్యాప్‌టాప్ ఇచ్చారు. ఇంటర్ అనే దశను, దాని చుట్టూ ఉన్న ఎంట్రెన్సుల గొడవను పక్కన పెట్టి చదువు నడపవచ్చని చూపించారు. 2022 జూన్‌లో బాసర పిల్లలు కనీస సౌకర్యాల కోసం ఎండలో, వానలో బైఠాయించాల్సి వచ్చింది. ఆలోచన మంచిదైతే సరిపోదు, అన్నం, గది, అధ్యాపకుడు కూడా ఉండాలని ఆ పిల్లలు గుర్తు చేశారు. అయినా ఆ తలుపు వల్ల బీటెక్ దాకా వెళ్ళిన కూలీల పిల్లలు, చిన్న రైతుల పిల్లలు వేలల్లో ఉన్నారు.

ఇంకో తలుపు మా దిల్‌సుఖ్‌నగర్ సందుల్లోనే ఉంది. దాన్ని మాత్రం పెద్దగా ఎవరూ గౌరవించరు. పాలిటెక్నిక్.

పదో తరగతి అవగానే పాలీసెట్ రాసి డిప్లొమాలో చేరిన పిల్లవాడు మూడేళ్ళు ఇంజనీరింగే చదువుతాడు. మొదటి ఏడాదిలోనే డ్రాయింగ్ షీటు, మినీ డ్రాఫ్టర్, వర్క్‌షాపులో ఫిట్టింగ్, కార్పెంట్రీ. తర్వాత తన బ్రాంచి సబ్జెక్టులు, ఫ్యాక్టరీలోనో ఆఫీసులోనో శిక్షణ. రామంతాపూర్‌లోని జవహర్‌లాల్ నెహ్రూ ప్రభుత్వ పాలిటెక్నిక్ మాకు దగ్గరే. అక్కడ పదహారేళ్ళ పిల్లలు మోటార్ వైండింగ్ చూస్తుంటే, అదే వయసు పిల్లలు కొన్ని కిలోమీటర్ల అవతల హాస్టల్ గదిలో ఆబ్జెక్టివ్ బిట్లు చేస్తుంటారు. డిప్లొమా అయ్యాక ఈసెట్ రాస్తే నేరుగా బీటెక్ రెండో ఏడాదిలో చేరవచ్చు. ఆ పరీక్షకు 200 మార్కులు. యాభై లెక్కలు, ఫిజిక్స్, కెమిస్ట్రీ ఇరవయ్యైదు చొప్పున, మిగిలిన వంద తన బ్రాంచి. ఈమధ్య ఏళ్ళలో తెలంగాణలో దీన్ని ఉస్మానియా నడుపుతోంది. దిల్‌సుఖ్‌నగర్‌లో ఈసెట్ కోచింగ్ సెంటర్లకు కొదవ లేదు. నాలుగో అంతస్తులో ఇరుకు గదిలో కూర్చున్నా, అక్కడి పిల్లల ముఖాల్లో నాకు ఒక ధీమా కనిపిస్తుంది. చేతిలో డిప్లొమా ఉంది.

లెక్క వేస్తే కాలం ఏమీ కలిసిరాదు. పదో తరగతి తర్వాత ఇంటర్ రెండేళ్ళు, బీటెక్ నాలుగేళ్ళు, మొత్తం ఆరు. డిప్లొమా మూడేళ్ళు, బీటెక్ మిగిలిన మూడేళ్ళు, అదీ ఆరే. తేడా మధ్యలో ఉంది. మూడేళ్ళకు ఆగిపోవాల్సి వస్తే, నాన్న జబ్బుపడితే, అప్పులు మీదపడితే, డిప్లొమా పిల్లవాడు అసిస్టెంట్ ఇంజనీర్ ఉద్యోగానికో, రైల్వే జూనియర్ ఇంజనీర్ ఉద్యోగానికో దరఖాస్తు పెట్టగలడు. తర్వాత ఎప్పుడైనా ఈసెట్ రాయగలడు. ఇంటర్ రెండేళ్ళు, లాంగ్ టర్మ్ ఏడాది, మొత్తం మూడేళ్ళు గడిపి ఆగిపోయిన పిల్లవాడి చేతిలో ఏముంది? ఇద్దరూ మూడేళ్ళే కష్టపడ్డారు. హైస్కూల్ వయసులో కాలేజీ చదువు చదివి, ఆ చదువును పై కాలేజీ చేత ఒప్పించుకునే పద్ధతి అమెరికాలో ఉందని మనం ఆశ్చర్యపోతాం. మన పాలిటెక్నిక్ పిల్లలు ఎన్నో ఏళ్ళుగా చేస్తున్నది అదే. మధ్యతరగతి ఇళ్ళలో మాత్రం "ఇంటర్‌లో సీటు రాలేదా, పాలిటెక్నిక్‌లో వేశారు?" అని అడుగుతారు. ఈ చిన్నచూపు తప్పు. నేను గట్టిగానే చెబుతున్నాను, తప్పు.

ఒకేషనల్ ఇంటర్ పిల్లల సంగతి చూడండి. ల్యాబ్ టెక్నీషియన్ కోర్సో మరొకటో రెండేళ్ళు చదివిన అమ్మాయి బీఎస్సీలోనో ఇంజనీరింగ్‌లోనో చేరాలంటే మళ్ళీ బ్రిడ్జి కోర్సు పరీక్ష రాయాలి. ఆమె చేతులతో నేర్చుకున్నదానికి అదనంగా ఏమీ కలవదు. ఆమెకు లేనిది మాత్రం పట్టుబట్టి అడుగుతారు. లేనిది అడగడంలో తప్పు లేదు. ఉన్నదాన్ని కూడా రాయండి.

కాగితం మీద చూస్తే దేశం ఈ విషయంలో చాలా దూరం వచ్చింది. 2020 జాతీయ విద్యావిధానం తర్వాత, 2021 జులైలో అకడమిక్ బ్యాంక్ ఆఫ్ క్రెడిట్స్ వచ్చింది. విద్యార్థి పేరు మీద ఖాతా ఉంటుంది. చదివిన సబ్జెక్టు క్రెడిట్లు అందులో పడతాయి, ఏడేళ్ళ దాకా నిలవుంటాయి, ఇంకో విశ్వవిద్యాలయానికి మార్చుకోవచ్చు. 2023 ఏప్రిల్‌లో జాతీయ క్రెడిట్ చట్రాన్ని విడుదల చేశారు. అందులో మొదటిసారి బడి చదువుకు కూడా క్రెడిట్లు కట్టారు. ఏడాదికి 1200 గంటల చదువు, 40 క్రెడిట్లు. అయిదో తరగతి పూర్తయితే మొదటి మెట్టు, ఎనిమిదికి రెండు, పదికి మూడు, పన్నెండుకు నాలుగు. ఒలింపియాడ్లు, ఆటలు, చేతిపనులు కూడా లెక్కకు తీసుకోవచ్చని అందులో ఉంది. అపార్ పేరుతో పన్నెండంకెల గుర్తింపు సంఖ్య కూడా పిల్లలకు ఇస్తున్నారు. ఆ రైతు అడిగిన లెక్కకు పుస్తకం తయారైంది. అందులో మొదటి జమ ఎవరు రాస్తారన్నదే మిగిలింది. మా చుట్టుపక్కల కాలేజీల్లో అపార్ సంఖ్య అంటే నింపి పంపాల్సిన ఇంకో ఫారం. ప్రిన్సిపాళ్ళతో మాట్లాడితే ఆధార్‌లో పేరు, టెన్త్ మెమోలో పేరు కలవడం లేదన్న బాధే చెబుతారు. దానివల్ల పిల్లలకు ఏం రావాలో మాట్లాడే తీరిక ఎవరికీ లేదు.

ఇప్పటికిప్పుడు పిల్లలకు అందుబాటులో ఉన్నది ఒకటుంది. ఐఐటీ మద్రాస్ 2020లో మొదలుపెట్టిన ఆన్‌లైన్ డిగ్రీ, ఇప్పుడది డేటా సైన్స్‌లో నాలుగేళ్ళ బీఎస్. దానికి జేఈఈ అక్కర్లేదు. పదకొండో తరగతి పరీక్షలు రాసినవాళ్ళు, అంటే మన జూనియర్ ఇంటర్ అయినవాళ్ళు, క్వాలిఫయర్‌కు దరఖాస్తు పెట్టుకోవచ్చు. నాలుగు వారాలు పాఠాలు వినాలి, వారం వారం అసైన్‌మెంట్లు చేయాలి, తర్వాత పరీక్షా కేంద్రానికి వెళ్ళి రాయాలి. పాసైతే పన్నెండో తరగతి అయ్యాక చేరవచ్చు. ఫౌండేషన్ దగ్గర ఆగితే దానికో సర్టిఫికెట్, డిప్లొమా దగ్గర ఆగితే డిప్లొమా, 142 క్రెడిట్లు పూర్తిచేస్తే బీఎస్. కుటుంబ ఆదాయాన్ని బట్టి, సామాజిక వర్గాన్ని బట్టి ఫీజులో రాయితీ ఉంది. నాకు నచ్చింది ప్రవేశం పెట్టిన తీరు. ఒక నెల చదివి చూడు, నీకు నప్పితే రా అంటుంది. లక్షల మందిలో నీ స్థానం ఎంత అని అడగదు, ఈ నెల పాఠం నీకు వచ్చిందా అని అడుగుతుంది. లెక్కల టీచరుగా నాకు తెలిసినంతలో పిల్లవాణ్ణి అడగాల్సిన ప్రశ్న రెండోదే.

నాకున్న భయం కూడా చెప్పాలి. క్రెడిట్లకు విలువ వచ్చిన మర్నాడే మా రోడ్డు మీద క్రెడిట్ కోచింగ్ బోర్డు వేలాడుతుంది. ఏడో తరగతి నుంచే క్రెడిట్లు పోగుచేయిస్తామంటారు. పిల్లవాడి ఆదివారం ఔటింగ్ కూడా పోతుంది. దీనికి విరుగుడు ఒకటే అనిపిస్తుంది. పాఠం చెప్పేదీ, పరీక్ష పెట్టేదీ, క్రెడిట్ ఇచ్చేదీ ప్రభుత్వ విశ్వవిద్యాలయమో దాని కింది డిగ్రీ కాలేజీయో అయి ఉండాలి. చదివే చోటు కూడా అదే కావాలి. ఏడాదికి ఒకటో రెండో సబ్జెక్టులకు మించి తీసుకోనివ్వకూడదు. ఫెయిలైన సబ్జెక్టు రికార్డులో మచ్చగా మిగలకూడదు. తీసుకోని పిల్లవాడు వెనకబడ్డాడని ఎవరూ అనకూడదు. పదహారేళ్ళకు క్రికెట్ ఆడుకుంటూ, నవలలు చదువుకుంటూ గడిపే పిల్లవాడికి కూడా ఆ హక్కు ఉంది. ముందుగా చదవాలన్న తొందర నాకు లేదు. ఎలాగూ ముందుగా చదివిస్తున్నారు కాబట్టి దానికి న్యాయం జరగాలన్నదే నా పట్టుదల.

ఫౌండేషన్ చదివే స్తోమత లేనివాళ్ళ మాట కూడా ఇందులోనే ఉంది. ప్రభుత్వ జూనియర్ కాలేజీలో తెలుగు అకాడమీ పుస్తకాలతో చదివే అమ్మాయికి కెమిస్ట్రీ అంటే ప్రాణం కావచ్చు. ఆమెకు స్టార్ బ్యాచ్ లేదు. శనివారం డిగ్రీ కాలేజీ ల్యాబులో ఒక సబ్జెక్టు ఉచితంగా చదవనిస్తే, ఆ నాలుగు క్రెడిట్లతో ఆమె బీఎస్సీలో అడుగుపెడితే, ఇంట్లో వాళ్ళకు కూడా పై చదువు మీద నమ్మకం కుదురుతుంది. పదో తరగతి దాటిన ఆడపిల్లను ఇంకా చదివించాలా అన్న ప్రశ్న ఎల్బీనగర్ అవతల చాలా ఇళ్ళలో ఇంకా ఉంది. అప్పటికే సగం ఎక్కిన మెట్టు మీద నుంచి దించడం ఎవరికైనా కష్టం.

ఉస్మానియా క్యాంపస్ మాకు దూరం కాదు. మూసీ దాటి అంబర్‌పేట మీదుగా వెళ్తే వచ్చేస్తుంది. తెలంగాణలో డిగ్రీ చదువులు 2016-17 నుంచే క్రెడిట్ల పద్ధతిలో నడుస్తున్నాయి. కాబట్టి కొత్తగా కనిపెట్టాల్సింది లేదు. కావాల్సింది ఒక నిర్ణయం. ఇంటర్ రెండో ఏడాది పిల్లలకు శనివారాల్లో నాలుగు సబ్జెక్టులు తెరవండి: కాల్‌క్యులస్, ప్రోగ్రామింగ్, తెలుగు సాహిత్యం, గణాంక శాస్త్రం. ప్రభుత్వ జూనియర్ కాలేజీల పిల్లలకు ముందు సీట్లు ఇవ్వండి. పాసైన క్రెడిట్లను వాళ్ళ ఖాతాలో వేయండి. వాళ్ళు రాష్ట్రంలో ఏ డిగ్రీ కాలేజీలో, ఏ ఇంజనీరింగ్ కాలేజీలో చేరినా ఆ సబ్జెక్టు మళ్ళీ చదవక్కర్లేదని ఉన్నత విద్యామండలి ఒక ఉత్తర్వు ఇవ్వాలి.

తల్లిదండ్రులకు ఒక మాట. జూన్‌లో అడ్మిషన్ కోసం వెళ్ళినప్పుడు ఫీజు ఎంత, హాస్టల్‌లో గదికి ఎందరు అని అడుగుతారు కదా, వాటితో పాటు ఇంకో రెండు అడగండి. మా అమ్మాయి అపార్ సంఖ్య మీద క్రెడిట్ ఖాతా తెరిచారా? ఆమె ముందే చదివిన సబ్జెక్టుకు మీరు పరీక్ష పెట్టి మినహాయింపు ఇస్తారా? నోటిమాటగా వద్దు, కాగితం మీద రాసి ఇవ్వండి, జవాబు కూడా కాగితం మీదే తీసుకోండి. ఒకరిద్దరు అడిగితే పట్టించుకోరు. వంద మంది అడిగితే ఉస్మానియా దాకా వెళ్తుంది.